పన్నెండో రీలు

“దమన్హూరీ పని అయిపోయినట్టేనా?”

పేపర్లో పడ్డ ఆ శీర్షికను ముంతసిర్ దమన్హూరీ గొంతెత్తి చదివాడు. చదివి, ఆ పేజీనే ఎడిటింగ్ బల్ల మీద పరిచి, దాని మీద పప్పు సూపు గిన్నె పెట్టుకున్నాడు.

“నా పేరు ఇంతేసి అక్షరాల్లో పడి మూడేళ్ళయింది. రాస్తే రాశాడు, తప్పుల్లేకుండా రాశాడు” అన్నాడు రొట్టె ముంచుకుంటూ.

బహీగాకి నవ్వు రాలేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆమె అతని సినిమాలకు ఎడిటరు. వరసగా ఏడు పండగలకు కైరోలో అతని సినిమాదే పెద్ద హాలు. ఆ ఏడూ ఆమె చేతి మీదుగా పోయినవే. తర్వాత వచ్చిన రెండూ వారం తిరక్కుండా పడుకున్నాయి. అవీ ఆమె చేతి మీదుగా పోయినవే.

అది రంజాన్ ఇరవై తొమ్మిదో రోజు. ఉపవాసం విడవమని సూర్యాస్తమయం ఫిరంగి మోగి పావుగంటయింది. పన్నెండు రీళ్ళ సినిమాలో పదకొండు సిద్ధంగా డబ్బాల్లో ఉన్నాయి. పన్నెండో దానికి సంగీతం కలపాలి. దానికి రేపంతా స్టూడియో తీసుకున్నారు. ఈసారి ఉపవాసాలు ముప్ఫై అని ప్రతి క్యాలెండరూ చెబుతోంది కాబట్టి ముంతసిర్ ఆ ముప్ఫయ్యో రోజును కూడా వదలకుండా లెక్కలో వేసుకున్నాడు.

“తినవేం? ఉపవాసం ఉన్నది నేనొక్కణ్ణేనా?” అన్నాడు.

“తింటున్నా, ఉస్తాద్.”

ఆమె వెనక అలమరలో, పాత డబ్బాల అడుగున, ఇంకో పన్నెండో రీలు ఉంది. ముంతసిర్ తీసింది పదకొండు నిమిషాలు. ఇది ఐదు. హీరో, తుపాకులు, రైలు పట్టాల మీద పరుగు, చివర్లో హీరో నవ్వు. నిర్మాత హాజీ వహ్దాన్ చెబితే పోయిన వారం గుట్టుగా కోసింది. వేరే స్టూడియోలో సంగీతం కూడా కలిపించింది.

“ఇదంతా ముందుజాగ్రత్తకే, చెల్లెమ్మా. వాడవలసిన పని పడదు. ముసలాడికి చెప్పకు” అన్నాడు హాజీ.

ముసలాడికి చెప్పలేదు. ఎందుకంటే ఆ పేపరు వాడు అడిగిన ప్రశ్నే ఆమె కూడా ఏడాదిగా తనలో తాను అడుగుతోంది.

అప్పుడే కింద కాఫీ దుకాణం టీవీ చుట్టూ జనం ఒక్కసారిగా కేక పెట్టారు. పక్క మేడ మీద ఆడవాళ్ళు నాలుక తిప్పుతూ కిలకిలారావాలు చేశారు. ఎవరో టపాసు పేల్చారు.

ముంతసిర్ కిటికీలోంచి తల బయట పెట్టాడు. “ఏమైందర్రా?”

“నెలవంక కనబడిందట, ఉస్తాద్! రేపే పండగ! ఏటేటా మీరు చల్లగా ఉండాలి!” కింద నుంచి ఎవడో అరిచాడు.

ముంతసిర్ కిటికీ మూశాడు. వీధి వీధంతా గంతులేస్తుంటే ఆ గదిలో మాత్రం ఇద్దరూ బొమ్మల్లా నిలబడిపోయారు. రేపే పండగంటే రేపు పొద్దున పదింటికి మొదటి ఆట. సౌండు ఇంజనీరు రేపు పొద్దునకి గానీ ఊళ్ళోకి రాడు. స్టూడియో తాళాలు అతని జేబులోనే ఉన్నాయి. పన్నెండో రీలుకి ఉన్నది సరిచూసుకోవడానికి తీసిన ప్రింటొక్కటే. అందులో మాటలున్నాయి, అడుగుల చప్పుడుంది, రైలు కూతుంది. సంగీతం మాత్రం లేదు.

అరగంటలో హాజీ వహ్దాన్ మెట్లెక్కి వచ్చాడు. చేతిలో పండగ బిస్కెట్ల పళ్ళెం, మొహంలో మాత్రం పండగ లేదు. ఒకటి నోట్లో వేసుకుని సూటిగా విషయానికొచ్చాడు.

“బహీగా, ఆ డబ్బా తియ్యి.”

“ఏ డబ్బా?” అన్నాడు ముంతసిర్.

ముంతసిర్ ఆమె మొహం కేసి చూశాడు, తర్వాత అలమర కేసి చూశాడు. అర్థమైపోయింది.

“పెట్టు. చూద్దాం” అన్నాడు.

ఆమె రీలు మెషీను మీదకెక్కించింది. ఐదు నిమిషాలూ అతను రెప్ప వెయ్యలేదు.

“కోత శుభ్రంగా ఉంది. పదేళ్ళ కిందటైతే నేనూ ఇలాగే ముగించేవాణ్ణి” అన్నాడు. ఆ తర్వాత ఆమె వైపు తిరిగాడు. “నా వెనక ఎందుకు కోశావ్? నా ఎదురుగానే కొయ్యొచ్చుగా. తిట్టేవాణ్ణి, అంతేగా.”

హాజీ చేతులు దులుపుకున్నాడు. “చూడు ముంతసిర్, నీకు నేను శత్రువుని కాను. మొదటి ఆట జనం బయటికొచ్చేసరికి ఊరంతా పాకిపోతుంది. బాగాలేదన్నారా, ఒంటిగంట ఆటకి పెద్ద హాలు ఆ కుర్రాడు తామిర్ సినిమాకిచ్చేస్తారు. మనది పక్కనున్న చిన్న హాల్లో పడుతుంది. బక్రీద్ సినిమా కూడా అతనికే ఇవ్వాల్సొస్తుంది. నా చేతులు కట్టేసినట్టే.”

“నాది వెయ్యి.”

“సంగీతం లేని రీలా? పండగ పూట? ముందు వరసల వాళ్ళు కుర్చీలు పీకుతారు!”

“పీకితే కొత్తవి వేయించు.” ముంతసిర్ కోటు తగిలించుకున్నాడు. “రెండు డబ్బాలూ బహీగా చేతికివ్వు. రేపు ఆపరేటరు గదిలో తను కూర్చుంటుంది. పదకొండో రీలు ఆడుతుండగా ఏది ఎక్కించాలో తనే చెబుతుంది. నేనొక్క మాట మాట్లాడను, నువ్వూ మాట్లాడకూడదు.”

హాజీ ఒక్క క్షణం ఆలోచించి తలూపాడు. బహీగా ఏ రీలు ఎక్కిస్తుందో తనకు తెలుసునని అతని ధీమా. నిజానికి బహీగాకీ తెలుసు.

పొద్దున పదింటికి సినిమా హాళ్ళుండే ఇమాదుద్దీన్ వీధిలో కాలు పెట్టే సందు లేదు. జనం పండగ ప్రార్థన నుంచి నేరుగా వచ్చేశారు. కొత్త చొక్కాలు, తలలకు నూనె, చేతుల్లో పుచ్చగింజల పొట్లాలు. తొమ్మిది వందల సీట్లూ నిండాయి. మొదటి ఆట ఎలాగూ నిండుతుంది. సంగతంతా రెండో ఆటదే.

ఆపరేటరు గదిలో ఇనప స్టూలు మీద కూర్చుని బహీగా చిన్న కిటికీలోంచి కిందికి చూసింది. పక్కన బల్ల మీద రెండు డబ్బాలున్నాయి. వెనక గోడకి ఆనుకుని హాజీ ఉన్నాడు. ముంతసిర్ ఎక్కడున్నాడో తెలియదు.

మొదటి ఐదు రీళ్ళూ గాలిలా సాగిపోయాయి. హీరో జైలు గోడ దూకితే ఈల, పోలీసు జీపు కాలవలో పడితే ఈల. ఆరు, ఏడు, ఎనిమిది కూడా పరవాలేదు. తొమ్మిదో రీల్లో హీరో, హీరోయిన్ పడవలో కూర్చుని గతం మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మాట్లాడారు, మాట్లాడారు, మాట్లాడుతూనే ఉన్నారు.

“ఏయ్ దమన్హూరీ! నిద్రపోయావా?” ముందు వరసల్లోంచి ఒకడు.

“ఆయన నిద్రపోయి మూడేళ్ళయిందిరా, లేపకు!” ఇంకొకడు.

హాలు ఘొల్లుమంది. ముప్ఫై మందిదాకా లేచి సిగరెట్లకి బయటికెళ్ళారు. బహీగా చెవులు వేడెక్కాయి. వెనక నుంచి హాజీ దగ్గాడు. మాట్లాడకూడదన్న ఒప్పందం ఉంది గానీ దగ్గకూడదని లేదు మరి.

ఆమె చిన్న డబ్బా మూత వదులు చేసింది.

పదో రీలు అయింది. సిగరెట్ల వాళ్ళు వెనక్కొచ్చారు. పదకొండోది మొదలైంది. హీరో జీపులో పారిపోయి వస్తున్నాడు. అతని తండ్రి ఫరగ్ ముసలాయన రైల్వే గేటు కాపలాదారు. ఎప్పుడో విడిపోయిన కొడుకు ఈ బండికి వస్తాడని కబురందింది. లాంతరు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఒక బండి వచ్చింది, ఆగలేదు. ఇంకోటి వచ్చింది, ఆగలేదు. ముసలాయన లాంతరు దించి గది వైపు నడిచాడు.

“ఏయ్ ఫరగ్ బాబాయ్! వెళ్ళిపోకు!” ముందు వరసల్లోంచి ఎవరో అన్నారు.

ఈల కాదు, వెక్కిరింత కాదు. బహీగా కిటికీకి ముక్కు ఆనించింది.

“కూర్చో బాబాయ్, ఇంకో బండుంది!”

“నీ కొడుకు జీపులో వస్తున్నాడయ్యా, మేం చూశాం!”

“చెప్పండ్రా ఎవరైనా ఆయనకి!”

తెర మీద హీరో రివాల్వరు తీసి కాల్చాడు. ఒక్కడూ పట్టించుకోలేదు. తొమ్మిది వందల మందీ ముసలాయన వీపు వంకే చూస్తున్నారు.

బహీగా చిన్న డబ్బా వైపు చూసింది. తను కోసిన ఐదు నిమిషాల్లో ముసలాయన ఎక్కడ? లేడు. ఒక్క ఫ్రేములో కూడా లేడు. పండగ సినిమా అంటే హీరోతో మొదలై హీరోతో ముగియాలి. పోస్టరు మీద ఎవరుంటే చివర్లోనూ వాళ్ళే ఉండాలి. ఇరవై ఆరేళ్ళుగా ఆ లెక్కన కోసి కోసి, బల్ల మీద ఆ అరచేతి వెడల్పు తెరలో ఆమె హీరోని తప్ప ఇంకొకర్ని చూడనే లేదు. ముసలాయన కనిపించిన ప్రతి చోటా కత్తెర వేసింది. ఇప్పుడా ఐదు నిమిషాలు ఎక్కిస్తే ఈ తొమ్మిది వందల మందీ ‘బాబాయ్ ఏడీ?’ అని అడుగుతారు. అప్పుడు కుర్చీలు నిజంగానే పీకుతారు.

“అమ్మా, రెండు నిమిషాలుంది. ఏది?” అన్నాడు ఆపరేటరు.

“పెద్దది.”

“బహీగా!” హాజీ గోడ వదిలి ముందుకొచ్చాడు. “మతి పోయిందా? అందులో సంగీతం లేదు!”

“హాజీ గారూ, మాట్లాడనన్నారు.”

“నా డబ్బుతో తీసిన సినిమా తల్లీ అది!”

“అందుకే కాపాడుతున్నా. తప్పుకోండి, వెలుతురుకి అడ్డొస్తున్నారు.”

ఆమె పెద్ద డబ్బా తెరిచి రీలు తన చేతుల్తోనే ఆపరేటరుకి అందించింది. రెండో మెషీను గుర్రుమంటూ అందుకుంది.

సంగీతం ఆగిపోయింది. హాల్లో పైన తిరిగే ఫ్యాన్ల చప్పుడు వినబడింది. తెర మీద కంకర రాళ్ళ మీద అడుగులు. పుచ్చగింజలు కొరికే టకటక మెల్లగా తగ్గి, పూర్తిగా ఆగింది. ముసలాయన తలుపు దాకా వెళ్ళి ఆగాడు. ఆయన వెనక ఎవరో దగ్గారు. ఆయన తిరగలేదు. “టికెట్టు చూపించు” అన్నాడు. “టికెట్టు లేదు నాన్నా” అన్నాడు కొడుకు.

పదకొండు నిమిషాల సేపు ఆ హాల్లో ఒక్క ఈల లేదు. రీలు అయిపోయింది, తెర తెల్లబడింది, దీపాలు వెలిగాయి. చప్పట్లు కూడా లేవు.

హాజీ కూలబడ్డాడు. “చప్పుడే లేదు. అయిపోయింది. పండగ పూట జనాన్ని పాడె మోసినవాళ్ళలా పంపించావు.”

బహీగా అయిపోయిన రీలు మెషీను మీంచి దించింది. తప్పు చేసిందా?

అయిదు నిమిషాలు గడిచాయి. తలుపు దబాలున తెరుచుకుంది. హాలు మేనేజరు సిద్హుమ్ నిలువెల్లా చెమటతో వచ్చాడు.

“హాజీ గారూ, కొంపలంటుకున్నాయి! జనం లేవట్లేదు!”

“లేవకపోవడమేంటి?”

“కూర్చునే ఉన్నారు! మళ్ళీ చూస్తారట! లెమ్మంటే తంతామంటున్నారు. బయట ఒంటిగంట ఆట వాళ్ళు గేటు మీద పడ్డారు. బయటికొచ్చిన కొద్దిమందీ వాళ్ళకి ముసలాయన కథ చెబుతూ ఏడుస్తున్నారు! గేటు విరిగితే ఎవరు కడతారు?”

హాజీ చటుక్కున లేచి నిలబడ్డాడు. క్షణంలో మనిషి మారిపోయాడు.

“మరి తామిర్ సినిమా?”

“ఏ తామిరండీ బాబూ! పెద్ద హాలు మీదే. కావాలంటే చిన్న హాలు కూడా తీసుకోండి. ముందు పోలీసుల్ని పిలవండి!”

“నేను మొదట్నుంచీ అంటున్నా, సంగీతం వద్దని” అంటూ హాజీ అతని వెంట మెట్లు దిగాడు. “ముంతసిర్ ఎక్కడ? బక్రీద్‌కి వేరే ఎవరితోనూ మాట్లాడొద్దని చెప్పాలి!”

ముంతసిర్ అప్పటికే మెట్లెక్కి వస్తున్నాడు. హాజీ కౌగిలించుకుని రెండు బుగ్గల మీదా ముద్దులు పెడితే ఓపిగ్గా పెట్టించుకున్నాడు. గదిలోకి వచ్చి, బల్ల మీద మూత వదులైన చిన్న డబ్బాని చూశాడు. బహీగా కూడా చూసింది. దాచాలనిపించలేదు.

“దాదాపు ఎక్కించేశాను, ఉస్తాద్.”

“తెలుసు. తొమ్మిదో రీల్లో నేనే అయితే ఇంకా ముందే మూత తీసేవాణ్ణి.” అతను స్టూలు మీద కూర్చున్నాడు. “ఆ పేపరు వాడు అబద్ధం రాయలేదు బహీగా. పోయిన రెండూ చెత్త సినిమాలే. కాకపోతే వాడు మూడోది చూడకుండా రాశాడు.”

కింద హాలు మళ్ళీ నిండుతోంది. కూర్చున్న వాళ్ళ మీద నిలబడ్డ వాళ్ళు, నిలబడ్డ వాళ్ళ వెనక తోసుకొచ్చే వాళ్ళు.

బహీగా తొమ్మిదో రీలు డబ్బా లాగి బల్ల మీద పెట్టింది. పర్సులోంచి కత్తెర, అతుకు టేపు తీసింది.

“పడవ సీను కోస్తాను.”

“ఎంత?”

“నాలుగు నిమిషాలు.”

“రెండు.”

“నాలుగు. ముప్ఫై మంది బయటికెళ్ళారు, లెక్కపెట్టాను.”

“ఆ డైలాగులు నేను నెల రోజులు కూర్చుని రాశాను!”

“అది వింటుంటేనే తెలుస్తోంది, ఉస్తాద్.”

ఆపరేటరు నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు. ముంతసిర్ ఆమెకేసి కాసేపు గుర్రుగా చూశాడు. తర్వాత వంగి, ఫిల్ము కొసని తనే వెతికి పట్టుకుని, వెలుతురుకెత్తి ఆమె ముందు పెట్టాడు.

“ఇక్కణ్ణుంచి కొయ్యి” అన్నాడు.

ఒంటిగంట ఆటకి ఇంకా ఇరవై నిమిషాలుంది.