మూత లోపలి పసుపు

కోసిన గడ్డి వాసన.

పచ్చిగా, చల్లగా... కొండ మీది గాలితో కలిసి వచ్చే వాసన.

ఆ వాసనలోనే చౌడేశ్వరికి పొద్దు మొదలయ్యేది.

చంద్రగిరి దాటినాక ఒక కాలేజీ. దాని ముందు ఏటవాలు పచ్చిక. ఆ గడ్డి కోసే చిన్న ట్రాక్టరు చౌడేశ్వరిది. అంటే కాలేజీదేలే... కానీ దాని సీటెక్కేది ఆమె ఒక్కతే. అంతకుముందు ఎండలో గొంతుక్కూర్చుని కలుపు పీకేది. సీటెక్కించి, తోలడం నేర్పినవాడు మెకానిక్ గురప్ప. అన్నా అని పిలిచేది. మాటవరసకు కాదు, మనసారా.

గేర్లు లేని బండి అది. లోపల నూనె నెట్టితేనే చక్రం తిరుగుతుంది.

నూనె బాగుంటే బండి మాట వింటుంది.

ఈమధ్య వినడం లేదు.

వేడెక్కితే చాలు, ఏటవాలు ఎక్కలేక మూలుగుతోంది. ఎంత తొక్కినా కదలదు. నిన్న సూపర్‌వైజర్ నారాయణ తేల్చి చెప్పేశాడు — తోలడం చేతగాక బండి పాడు చేశావట, సోమవారం నుంచి మళ్ళీ కలుపుకే పో అని. ఎవరన్నారని అడిగింది.

గురప్పే అన్నాడట.

అన్న తెలియక అనుంటాడులే... అని రాత్రంతా తనకు తానే సర్దిచెప్పుకుంది. పిచ్చిది.

పొద్దున్నే షెడ్డుకొచ్చి బండిని కాసేపు నడిపింది. నూనె వేడిగా ఉంటే అడుగు మడ్డి కూడా కదిలి వస్తుంది. అదీ అన్న నేర్పిందే. కింద డబ్బా పెట్టి బోల్టు విప్పింది.

దిగింది నూనె...

తేనె రంగులో కాదు. నల్లగానూ కాదు.

తెల్లగా, చిక్కగా, పాలెక్కువైన కాఫీలాగా.

నూనెలో నీళ్ళు!

నీళ్ళెట్లా వచ్చినట్టు? నూనె పోసే చోట మూత విప్పి చూసింది. మర చుట్లలో ఎండిపోయిన పసుపు. పైన కాదు — లోపల.

పసుపు. ఆయుధపూజ పసుపు.

పూజనాడు బండిలో పాత నూనె ఉండకూడదని గురప్పే పట్టుబట్టి కొత్తది పోశాడు. పైపు పెట్టి కడిగిందీ అతనే, పసుపు రాసిందీ అతనే. ఆమె బూడిదగుమ్మడికాయ కోసం పోయింది. తిరిగొచ్చేసరికి మూత బిగించి ఉంది, దండ వేసి ఉంది. బిగించిన మూతలోకి పసుపెట్లా పోతుంది? మూత ఊరికే పెట్టి కడిగాడు. నీళ్ళు లోపలికి పోయాక చూసుకున్నాడు. చూసుకుని, నోరు మెదపకుండా బిగించేశాడు.

గురప్ప షెడ్డుకు రాగానే మూత చేతిలో పెట్టింది.

మర చుట్లలోని పసుపును గోటితో గీకాడు.

"ఎవురో ఒకరి మీదికి పోవాల గదమ్మా," అన్నాడు. "నీకైతే కలుపు పనన్నా ఉండాది. నన్ను తీసేస్తే ఈ వయసులో నేను యాడికి పోయేది?"

ముందు కోపం కూడా రాలేదు.

ఆనక రగిలింది. ఎంత నమ్మింది! కన్న నాయన మాటైనా అంత నమ్మి ఉండదు.

ఏడవలేదు. పనిలో పడింది. ఫిల్టరు మార్చింది. గీత దాకా కొత్త నూనె పోసింది. వెనక చక్రాలు పైకెత్తి, జాకీల మీద నిలిపి, ముందుకు కొంచెం... వెనక్కి కొంచెం... మెల్లగా తొక్కింది. లోపల చిక్కుకున్న గాలి బుడగలుగా తేలింది. మూలుగు సన్నగిల్లింది. ఆగిపోయింది.

ఏటవాలు మీదికి తోలింది.

ఎక్కింది బండి. హాయిగా ఎక్కింది.

నారాయణ వచ్చి చూశాడు. గురప్ప భుజం తట్టాడు. నీ చెయ్యి పడితే అంతేనయ్యా అన్నాడు. సోమవారం మాట మాత్రం మార్చలేదు.

గురప్ప కాదనలేదు. నవ్వాడు కూడా.

నారాయణ అటు తిరగ్గానే బండి దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు.

"ఆ పాత నూనె యాడ పారబోసినావు?"

చౌడేశ్వరి బండి ఆపింది.

"పారబోయలేదన్నా. డబ్బాలోనే ఉండాది."

అన్నా... అలవాటు కొద్దీ వచ్చేసింది ఆ మాట. నోరంతా చేదు.

కోసిన గడ్డి వాసన వస్తోంది.

నారాయణ ఇంకా గేటు దాటలేదు.