మంచుపేట పాసు కాలేదు

ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు లక్ష్మీప్రసన్న పటాన్‌చెరు మార్కెట్ వెనక సందులో తస్లీమ్ జిరాక్స్ షాపు మెట్లెక్కుతుంటే మోకాళ్లు రెండూ మొరాయించాయి. ముప్పై నాలుగేళ్లకే మోకాళ్ల నొప్పులేమిటని తల్లి బుల్లెమ్మ పొద్దున్నే ఒక విడత సాధించింది. “వారానికి ఒక్కరోజు సెలవు. కాస్త నడుం వాల్చవే అంటే ఆ దెయ్యాల పుస్తకాల దగ్గరికి పరిగెడతావేంటే,” అని. బుల్లెమ్మది గోదావరి మాట. భర్త ఫ్యాక్టరీ ఉద్యోగం పుణ్యమా అని ఇక్కడికొచ్చి నలభై ఏళ్లయినా అది ఇసుమంత కూడా అరగలేదు. ప్రసన్నకు మాత్రం గడప లోపల ఒక భాష, గడప దాటితే ఇంకో భాష.

ఇంతకీ ఆ దెయ్యాల పుస్తకాల సంగతేమిటంటే, నలుగురు కూర్చుని ఆడే ఆట ఒకటుంది. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు అందులో దొంగో, యోధుడో, మంత్రగత్తో అయిపోయి “నేను తలుపు తీస్తా”, “నేను పారిపోతా” అంటుంటారు. తలుపు తెరుచుకుంటుందో లేదో పాచికలు చెబుతాయి. కథ జరగాలంటే ఒక లోకం ఉండాలి కదా. అందుకని కోటలు, దారులు, దేవుళ్లు, మృగాలు, అన్నీ వర్ణించి పటాలతో సహా అచ్చేసే పుస్తకాలున్నాయి. వీళ్లు వాటిని లోకం పుస్తకాలంటారు. ఏడేళ్లుగా ఈ నలుగురికీ అదే పిచ్చి.

పైన గదిలో ముగ్గురూ అప్పటికే చేరారు. షాపు తస్లీమ్‌దే. ఏ లోకం పుస్తకమైనా ప్రింటు తీసి స్పైరల్ బైండింగ్ చేసేది ఆమే కాబట్టి, పుస్తకం మంచిదా కాదా అని అడిగితే ముందు కాగితం రెండువేళ్ల మధ్య నలిపి చూస్తుంది. నవీన్‌కుమార్ సుల్తాన్‌పూర్ పారిశ్రామిక పార్కులో సిరంజీలు పోతపోసే మెషీన్ మీద పనిచేస్తాడు, అందరిలోకీ చిన్నవాడు. వాడికి పటం బాగుంటే చాలు, లోపల ఏం రాసినా ఫరవాలేదు. ఇక సాజిద్. కాజీపల్లిలో ఒక మందుల కంపెనీలో మాత్రలు తయారయ్యే సెక్షన్‌కు షిఫ్ట్ ఇన్‌ఛార్జి. కథ నడిపేది అతనే. అతను తప్ప ఎవరూ ఏనాడూ నడపలేదు.

నడిపిన రోజుల్లో ఎలా నడిపేవాడని! అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పుస్తకమొకటి, చివరి నలభై పేజీలు ఎలకలు తిన్నది, దాని మీద రెండేళ్లు ఆడించాడు. పేజీలు అయిపోయిన చోట సాజిద్ నోరు మొదలయ్యేది. ప్రసన్న వారమంతా ఇంకో కంపెనీ రికార్డుల విభాగంలో పక్కవాళ్లు రాసిన రిజిస్టర్లలో తప్పులు వెతికే మనిషి. ఆ ఆదివారం నాలుగు గంటలు మాత్రం ఆమె ఆ మనిషి కాదు. అందుకోసమే మిగతా ఆరు రోజులు గడిచేవి.

ఎనిమిది నెలల క్రితం సాజిద్ కంపెనీలో మూడు షిఫ్టులు తీసేసి రెండు చేశారు. పన్నెండేసి గంటలు. ఆ నెలలోనే పాత కథ ముగిసింది. “ఈసారి జెర మంచి పుస్తకం సూసి మొదలువెడదాం,” అన్నాడు సాజిద్. అందరికీ సబబుగానే తోచింది. ప్రసన్న ఉత్సాహం పట్టలేక ఒక ఫారం కూడా తయారుచేసింది. పది ప్రశ్నలు, ప్రతి ప్రశ్నకు మార్కులు, తప్పు పడితే ఆధారంగా పేజీ నంబరు, కింద సంతకం. నలుగురూ పాసు చేస్తేనే ఆ లోకంలో ఆట. అలా ఎనిమిది నెలల్లో పదకొండు లోకాలు ఫెయిలయ్యాయి. ఒకదానిలో నదులు అన్యాయంగా ఉన్నాయి, ఒకదానిలో రాజవంశం పొసగలేదు, ఇంకోదానిలో బొమ్మలు ముతక. కోడిగుడ్డుకు ఈకలు పీకడంలో నలుగురూ ఆరితేరిపోయారు గానీ పాచికల డబ్బా మూత ఒక్కసారి తీసినవాళ్లు లేరు.

పన్నెండో లోకం ప్రసన్న రాసింది.

పేరు మంచుపేట. తెల్లవారుజామున మంచును జాడీల్లో పట్టి ఎండదేశాలకు అమ్ముకునే ఊరు. డెబ్భై రెండు పేజీలు. కంపెనీ బస్సులో మోకాళ్ల మీద నోట్‌బుక్కు పెట్టుకుని, కుదుపులకు అక్షరాలు వంకర్లు పోతుంటే, ఆరు నెలలు రాసింది. ఎవరెవరు ఏ పుస్తకంలో ఏం లేదని సణిగారో అన్నీ గుర్తుపెట్టుకుని రాసింది. నవీన్ కోసం కొలతలతో పటం గీసింది. బైండింగు అక్షరాలను మింగెయ్యకుండా తస్లీమ్ కోసం అంచులు వదిలింది. సాజిద్‌ది ఎప్పుడూ ఒకటే గొడవ, “రాజులను రాసిండు, రాక్షసులను రాసిండు, జనం పొద్దుగాల ఏం తింటరో రాయలేదు,” అని. అతని కోసం తిండి మీదే ఆరు పేజీలు రాసింది. ఈ పుస్తకం పాసైతే ఆట మళ్లీ మొదలవుతుంది. కాకపోతే ఇక ఎప్పటికీ కాదని ఆమెకు లోలోపల తెలుసు.

“నేను రాసిన్నని మొహమాటపడొద్దు. ఫారం ఫారమే,” అని పదిహేను రోజుల ముందే చెప్పి తలా ఒక కాపీ ఇచ్చింది.

“అక్కా, మ్యాప్ మాత్రం కిరాక్ ఉన్నది,” అన్నాడు నవీన్. “కాని ఒక్కటి అడుగుత. ఈ తూర్పు వాగు గుట్ట మీదికి పారుతున్నది, ఎట్ల?”

“మంత్రం వాగది. పన్నెండో పేజీల ఉంది సూడు.”

“అరె, సదివిన, మర్చిపోయిన. పాస్ అక్కా, నా దిక్కెల్లి పాస్.”

తస్లీమ్ కళ్లజోడు సవరించుకుంది. “బైండింగ్ నేనే చేసిన, నేనే మార్కులేసుకుంటె బాగుండదు. అయినా పదికి పది. కాని ప్రసన్నా, దేవుళ్లు ఎక్కువైన్రు. నాలుగు వేల మంది జనానికి పద్నాలుగు మంది దేవుళ్లా? ఎవరెవరికి మొక్కి సస్తరు వాళ్లు?”

“ఇద్దరిని తీసేస్త తస్లీమ్ ఆపా.”

“తీసెయ్. పాస్.”

ముగ్గురూ సాజిద్ వైపు తిరిగారు. అతను రాత్రి డ్యూటీ దిగి సరిగ్గా నిద్రపోకుండానే వచ్చినట్టున్నాడు, గడ్డం మాసి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఫారం ప్రసన్న చేతికిచ్చాడు. “మంచిగనే ఉన్నది ప్రసన్నా. ఇంకా జెర పని చెయ్యాలె. ఫెయిల్ అని కాదు, ఇప్పటికైతే పాస్ కాదు.”

ప్రసన్న ఫారం చూసింది. చూడగానే సంగతి తెలిసిపోయింది.

ఆమె ఉద్యోగమే అది. కంపెనీలో ప్రతి గదిలో వేడి, తేమ చూపే మీటరొకటి ఉంటుంది. రెండు గంటలకోసారి మనిషి వెళ్లి, చూసి, రిజిస్టర్లో రాయాలి. వెళ్లే ఓపిక లేనివాళ్లు పొద్దున్నే కూర్చుని షిఫ్టు మొత్తానికీ రాసేస్తారు. అంకెలు సరిగ్గానే ఉంటాయి, పట్టించేది చేతిరాత. నిజంగా వెళ్లి రాసినవాడి గీతలు ఒకసారి కుడికి ఒరుగుతాయి, ఒకసారి పెన్ను మారుతుంది, ఒకచోట చెమట మరక పడుతుంది. ఒకేసారి కూర్చుని రాసినది పైనుంచి కిందికి ఒకే వాలు, ఒకే ఒత్తిడి. సాజిద్ ఫారం అలా ఉంది. దారులు గజిబిజి, పేజీ 14. వర్తకుల సంఘాలు తేలిపోయినవి, పేజీ 22. జనం ఏం తింటరో రాయలేదు, పేజీ 31.

“సాజిద్ భాయ్, ముప్పై ఒకటో పేజీ తీ,” అంది.

“ఎందుకు?”

“తీ. పెద్దగ సదువు.”

సాజిద్ తీశాడు. పేజీ నెత్తిన బొద్దు అక్షరాల్లో శీర్షిక ఉంది. నవీన్ వంగి చూసి తానే చదివాడు. “మంచుపేటల పొద్దుటి వంట. మంచునీళ్ల జొన్న అంబలి, కాల్చిన...” ఆగిపోయాడు.

“ఒక్క పేజీ అన్న తిప్పినవా?” ప్రసన్నకు ఏడుపొచ్చేసింది, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. “ఆర్నెల్లు రాసిన భాయ్. బస్సుల నిలబడి గూడ రాసిన. ఆ ఆరు పేజీలు నీ కోసమే రాసిన.”

సాజిద్ కళ్లజోడు తీసి రెండు అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. “తిప్పలేదు.”

“ఇదొక్కటేనా?”

“నాలుగో పుస్తకం కాడికెల్లి ఒక్కటి సదవలేదు.”

“యా అల్లా!” తస్లీమ్ గుండెల మీద చెయ్యేసుకుంది. “మరి ఆ ద్వీపాల పుస్తకం మీద నాతోని రెండు గంటలు కొట్లాడితివి గదా!”

“నువ్వు ఏమంటె దానికి ఉల్టా అన్న. అంతే.”

“ఆడలేక మద్దెల ఓడన్నట్టు,” అని నోరు జారాడు నవీన్, వెంటనే నాలుక్కరుచుకున్నాడు.

“కరెక్టే అన్నవురా. ఆడలేకనే,” అన్నాడు సాజిద్. కోపం తెచ్చుకోడానికి కూడా ఓపిక లేని గొంతు అది. “పుస్తకం పాసైతే నడపాల్సింది నేనే గదా. పన్నెండు గంటలు ఫ్లోర్ మీద ఉంట. మెషీన్ ఆగితె సాజిద్, మాల్ రాకపోతె సాజిద్. బిహారోళ్లకు హిందీల చెప్పాలె, సార్లకు ఇంగ్లీషుల చెప్పాలె. జవాబులు చెప్పీ చెప్పీ ఈడికొస్తె, మీరు ముగ్గురు నా మొఖం దిక్కు సూసి, ఇప్పుడేమైతది భాయ్ అంటరు. నా కాడ ఏం లేదు. ఖాళీ. కండ్లు మూస్తె కోట కనబడేది ఒకప్పుడు, ఇప్పుడు మెషీన్ కనబడుతది. ఆ మాట చెప్తె మీరు రావుడు బంద్ చేస్తరు. మీరు రాకుంటె ఆదివారం నేను ఏడికి పోవాలె? అందుకే పుస్తకాలను ఫెయిల్ చేసుకుంట కూసున్న.”

కింద షాపులో జిరాక్స్ మెషీన్ వేడెక్కి ఆగిపోయినట్టుంది, ఎవరో తస్లీమ్‌ను పిలిచారు. ఆమె కిందికి దిగలేదు.

ప్రసన్నకు కోపం పోలేదు. పోయిందని చెబితే అబద్ధం. కానీ దాని పక్కనే సిగ్గు కూడా వచ్చి కూర్చుంది. ఆ ఫారం ఎవరు కనిపెట్టారు? తనే. మనిషికి ఓపిక ఉన్నా లేకపోయినా గడులు నింపి తీరాల్సిన కాగితం ఒకటి, సెలవురోజు కూడా, స్నేహితుడి చేతిలో పెట్టింది. పుస్తకాలను గుచ్చి గుచ్చి పది ప్రశ్నలు అడిగారు గానీ, ఎనిమిది నెలల్లో ఒక్కరు కూడా సాజిద్‌ను ఎట్లున్నవ్ భాయ్ అని అడిగిన పాపాన పోలేదు. కాజీపల్లి బస్టాపులో తెల్లవారి డ్యూటీ దిగి నిలబడ్డ మొహాలు ఎలా ఉంటాయో ఆమెకు తెలియనిదా?

“మరి ఇగ ఎవరు నడుపుతరు?” అంది తస్లీమ్ మెల్లగా.

నవీన్ తల అడ్డంగా ఊపాడు. తస్లీమ్ తన వల్ల కాదన్నట్టు చేతులు తిప్పింది. ఊరు రాసినది ప్రసన్నే కాబట్టి ఇద్దరి చూపులూ అటే పోయాయి. ప్రసన్నకు ఇష్టం లేదు. నడపడానికి కాదు ఆమె రాసింది. ఊరు తయారుచేసి సాజిద్ చేతిలో పెడితే, అతను దాన్ని తనకు తెలియని ఊరుగా మార్చి చూపిస్తాడని, కొత్త మనిషిలా ఆ వీధుల్లో తిరగొచ్చని రాసింది. ఇప్పుడు తనే నడిపితే ఏ తలుపు వెనక ఏముందో అన్నీ తనకు తెలుసు. మంచుపేటలో ఆమె ఇక ఎప్పటికీ కొత్త మనిషి కాలేదు. అది తలుచుకుంటే దిగులేసింది, చాలా దిగులేసింది. అయినా లేచింది.

“భాయ్, నువ్వు గోడ దిక్కు జరుగు. నేను అక్కడ కూసుంట.”

సాజిద్ అర్థం కానట్టు చూసి, తర్వాత లేచి జరిగాడు. ఏడేళ్లలో మొదటిసారి అతను ఆటగాళ్ల వరసలో కూర్చున్నాడు. ప్రసన్న ఫారాలన్నీ పోగుచేసి సంచిలో పెట్టింది. నవీన్ పాచికల డబ్బా తీసి బల్లమీద బోర్లించాడు.

“తెల్లారుతున్నది,” అని మొదలుపెట్టింది. గొంతు తనకే కొత్తగా వినిపించింది. “మంచుపేట ఉత్తరం గేటు ముందు ముగ్గురు నిలబడ్డరు. ఎవరెవరు మీరు?”

“నేను దొంగ. పని లేనప్పుడు తాళాలు రిపేర్ చేస్త,” అన్నాడు నవీన్.

“నేను జాడీలు అమ్మేదాన్ని. పగిలిన జాడీలు గూడ అమ్ముత,” అంది తస్లీమ్.

“భాయ్?”

“పేరు తర్వాత చెప్త.”

“సరే. గేటుకాడ కావలివాడు మిమ్మల్ని ఆపిండు. ఊళ్లెకు ఏం పని మీద వచ్చిన్రు అని అడుగుతున్నడు.” నవీన్ తాళాలన్నాడు, తస్లీమ్ జాడీలంది. ప్రసన్న మూడో మనిషి వైపు తిరిగింది. “నీకేం పని?”

సాజిద్ గోడకు తల ఆనించాడు. “పనేం లేదు,” అన్నాడు. “జెర కూసుందామని వచ్చిన.”

ప్రసన్న చెయ్యి అలవాటుగా పుస్తకం మీదికి పోయింది. తొమ్మిదో పేజీలో ఊళ్లోకి రానిచ్చే వృత్తులు ఆరున్నాయి. గేటు సుంకాలున్నాయి, కావలివాళ్ల పేర్లున్నాయి, సంఘాల నియమాలున్నాయి. డెబ్భై రెండు పేజీలు రాసింది, పద్నాలుగు మంది దేవుళ్లను పెట్టింది. పని లేకుండా వచ్చినవాడిని ఏం చెయ్యాలో ఎక్కడా రాయలేదు. అసలు అలాంటివాడు ఒకడు వస్తాడనే ఆమెకు తోచలేదు.

పుస్తకం మూసేసింది.

“గేటు లోపల ఎడమచేతి దిక్కు ఒక అరుగున్నది,” అంది. “ఎండ పడుతున్నది దాని మీద. కావలివాడు పక్కకు జరిగిండు.”

“ఎంతసేపు కూసోవచ్చు?”

“నీ ఇష్టం భాయ్. ఎవ్వరు లేపరు.”