మూడో తీగ దగ్గర

వాన పడుతూ పడుతూనే గడ్డకట్టే రోజులవి. కొండ మీది రేడియో టవర్‌ని మూడు వైపులా పట్టుకున్న ఉక్కు తీగలు మంచు పేరుకుని మనిషి తొడంత లావయ్యాయి. దులపకపోతే ఆ బరువుకి టవర్ కూలుతుంది. ఒక వైపు వదిలేసి దులిపినా కూలుతుంది, బరువున్న వైపు లాగేస్తుంది కనక. అందుకే తీగకొకరు నిలబడి, దాని మీదుగా విసిరిన తాడు పట్టుకుని, ముగ్గురూ ఒక్కసారే గుంజాలి. పొగమంచులో ఒకరికొకరు కనబడరు. ముగ్గురిలో ముఠా పెద్ద పేరు పెట్టి పిలుస్తాడు, మిగతావాళ్లు పలుకుతారు, అందరూ పలికాకే గుంజమని కేక.

ఆ రోజు ముఠా పెద్ద బ్లాజ్, మొదటి తీగ దగ్గర. రెండో తీగ దగ్గర జోఫ్కా, మూడో తీగ దగ్గర బ్లాజ్ తమ్ముడు లోవ్రో. అన్నదమ్ములకి మాటల్లేవు. పంది కోసిన విందులో, మా లోవ్రో టవర్ మూడో మెట్టెక్కగానే భయంతో దేవుడికి మొక్కులు మొదలెడతాడని బ్లాజ్ అందరినీ నవ్వించాడు. అది అబద్ధమూ కాదు, అందుకే లోవ్రోకి అంత మండింది. బ్లాజ్ మనసు వెన్నే గానీ నోటికి తాళం లేదు. తమ్ముడికేమో ముడిచిన మూతి విప్పడం చేతకాదు.

బ్లాజ్ పిలవగానే జోఫ్కా పలికింది. తర్వాత "లోవ్రో" అని కేకేశాడు.

లోవ్రోకి స్పష్టంగానే వినబడింది. చేతులు జేబుల్లోంచి తియ్యలేదు. ఇంకోసారి పిలవనీ, కాస్త బతిమాలనీ అనుకున్నాడు. నెలల తర్వాత ఆ గొంతులో తన పేరు విన్నాడు. నిజం చెప్పాలంటే, మళ్లీ వినాలనిపించింది.

మళ్లీ పిలవలేదు. గుంజమన్న కేకే వచ్చింది. అటు రెండు తీగల మంచూ జలజలా రాలింది. ఇటు తాడు నేల మీదే ఉంది. టవర్ లోవ్రో వైపు వంగి, నడుం విరిగి, చెట్ల మీద పడింది. లోవ్రో పరిగెత్తి బతికాడు. బ్లాజ్ పడుతూ లేస్తూ వచ్చి తమ్ముడి ఒళ్లంతా తడిమాడు.

"దెబ్బ తగిలిందేమిట్రా? మాట్లాడరా."

"లేదన్నయ్యా."

అలా మాటలు కలిశాయి.

విచారణలో బ్లాజ్ ఏమీ దాచలేదు. జవాబు వినకుండానే కేకేశాను, తప్పు నాదేనన్నాడు. పక్కనే లోవ్రో బల్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. బ్లాజ్ ఉద్యోగం పోయింది. ఈ వయసులో, పట్టేసిన నడుంతో, కలప మిల్లులో దుంగలు దొర్లిస్తున్నాడు.

ఆదివారాలు తమ్ముడింటికి భోజనానికొస్తాడు. ఈ వారం చెప్పేస్తానని లోవ్రో ప్రతివారం అనుకుంటాడు. మొన్న చిక్కుడు గింజల చారు వడ్డిస్తూ నోరు తెరవబోయాడు కూడా. ఈలోగా బ్లాజే మొదలెట్టాడు.

"నువ్వసలు పలకనే లేదేమోనంది జోఫ్కా. చెడామడా తిట్టాను. గాలి హోరుకి నీ జవాబు మాకు వినబడి ఉండదు గానీ, నేను పిలిస్తే నువ్వు పలక్కుండా ఉంటావా? ఆ ధైర్యంతోనే కదరా కేకేశాను."

లోవ్రో అన్న గిన్నెలో ఇంకో గరిటె పోశాడు.

"చారు చల్లారిపోతోంది, తాగన్నయ్యా," అన్నాడు.