పొరుగు పెరట్లో పిడుదులు

రౌస్ హిల్‌లో అడవి అంచునే ఉన్న ఆ వీధిలో శ్యామసుందరి పెరట్లో గడ్డి తప్ప మరేమీ ఉండదు. ఆ గడ్డి కూడా గుండు మీద అప్పుడే మొలిచిన వెంట్రుకల్లా కురచగా ఉంటుంది. పక్కింటి వైశాలి పెరడు మాత్రం చూస్తే కళ్ళు తిప్పుకోలేం. కంచె పొడవునా గుబురు పొదలు, గోంగూర, కరివేపాకు, విరగబూసిన మల్లె, ఓ మూల మోకాలెత్తు గడ్డి. చుట్టుపక్కల తెలుగువాళ్ళంతా ఫొటోలు దిగేది అక్కడే. ఆ నవ్వులు వినిపించినప్పుడల్లా శ్యామసుందరి వంటింటి కిటికీ మూసేసేది.

తెనాలి నుంచి ఈ కంగారూల దేశానికి వచ్చిన కొత్తలో ఆమె కూడా అలాంటి తోటే వేసుకుంది. ఒక వేసవిలో భర్త రాధాకృష్ణ చంకలో నెత్తురు పీల్చే పిడుదు కరిచి పట్టుకుంది. ఇంటర్నెట్‌లో చదివి, లైమ్ జబ్బు వచ్చేసిందని ఆయన హడలిపోయాడు. "అది అమెరికాలో జింకల మీది పిడుదులతో వచ్చేది, ఇక్కడి పిడుదు వేరు" అన్నాడు డాక్టరు. వేరైతేనేం, ఆ కాటు తర్వాత ఆయనకి వేటమాంసం పడడం మానేసింది. తిన్న కొన్ని గంటలకే ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం. దాంతో శ్యామసుందరి పొదలు కొట్టించేసింది. రాలిన ఆకులు ఊడ్చేసింది. బాండికూట్లు దూరకుండా కంచె కింది కంతలు పలకలతో మూయించింది. పేరు మన పందికొక్కు నుంచి వచ్చిందే అయినా ఇక్కడి బాండికూట్ వేరే జంతువు. అడవిలోంచి పిడుదుల్ని మోసుకొచ్చే వాటిలో అదొకటి.

ఆ ఆదివారం వైశాలి బార్బీకి, అంటే పెరట్లో మాంసం కాల్చుకు తినే విందుకి, పిలిచింది. పెరట్లోకి అడుగు పెడుతూనే గడ్డిలో బాండికూట్ తవ్విన గుంటలు శ్యామసుందరి కంటపడ్డాయి. చెబుదామని నోరు తెరిచింది.

అంతలోనే వైశాలి అందరికీ వినబడేలా, "అక్కా, మీ యార్డేంది, క్రికెట్ పిచ్ లెక్క ఉంది! ఒక్క చెట్టన్న పెట్టరాదూ?" అంది.

అంతా గొల్లుమన్నారు. పళ్ళెంలో కోడిముక్కతో కూర్చున్న రాధాకృష్ణ కూడా నవ్వాడు. కూతురు లిఖిత వచ్చి, "మమ్, ఆంటీ గార్డెన్ సో కూల్. వై కాంట్ వీ హావ్ వన్?" అంది.

శ్యామసుందరి గుంటల మాట ఎత్తకుండా పళ్ళెం అందుకుంది. అనుభవిస్తే వైశాలికే తెలుస్తుందిలే అనుకుంది. ఇంటికెళ్ళాక పిడుదు పట్టిందేమోనని లిఖిత జుట్టు పాయపాయా విడదీసి చూసింది. మిగతా పిల్లల తలలు ఎవరు చూస్తారన్న ఆలోచన వచ్చింది గానీ, ఫోను మాత్రం తీయలేదు.

తర్వాతి వారం ఒక మధ్యాహ్నం కంచె అవతల్నించి కేక.

"అక్కా! పింకీ లేస్తలేదక్కా! ఎనక కాళ్ళు జారిపోతున్నయ్!"

పింకీ వైశాలి కుక్క. ఆమె భర్త ఆదిత్య ఆఫీసు పని మీద మెల్‌బోర్న్‌లో ఉన్నాడు. శ్యామసుందరి పరుగున వెళ్ళి కుక్క మెడ కింద తడిమింది. బొచ్చులో బూడిదరంగు గింజలాంటిది వేలికి తగిలింది.

"పిడుదు. దీని విషానికి కాళ్ళు పడిపోతాయి. నీళ్ళు కూడా పట్టకు, మింగలేదు. పద, ముందు కారెక్కించు."

దారిలో వైశాలి కుక్కని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సిగ్నల్ దగ్గర కారు ఆగాక అడిగింది. "చూడంగనే చెప్పినవ్. మా యార్డ్‌ల ఇవి ఉంటయని నీకు ముందుగాల్నే ఎరుకనా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేంది?"

"నీ తోట చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది, వైశాలీ. ఆ రోజు అందరి ముందూ అలా అనేసరికి ఇక చెప్పబుద్ధి కాలేదు."

వైశాలి మొహం అటు తిప్పుకుంది. పశువుల ఆస్పత్రి రాగానే కుక్కని తనే ఎత్తుకుని లోపలికి పరుగెత్తింది.

మందు ఎక్కించాక పింకీ బతికింది. నెమ్మదిగా లేచి నడిచింది. అది ఇంటికొచ్చిన శనివారం శ్యామసుందరి గడ్డి మిషను తోసుకుంటూ వెళ్ళి బెల్లు కొట్టింది. వైశాలి రమ్మనలేదు, పొమ్మనలేదు. పక్క గేటు తీసింది.

ప్యాంట్లు మేజోళ్ళలోకి దోపుకుని ఇద్దరూ పనిలో దిగారు. పొద కూలిన కొద్దీ శ్యామసుందరికి ప్రాణం హాయిగా ఉంది. ఆ హుషారులో కత్తెర మల్లె మొదట్లోకి పోయింది.

"అక్కా, మల్లె ఏం జేసింది?"

శ్యామసుందరి చెయ్యి ఆగిపోయింది. మల్లె ఎండ తగిలే చోట, ఊడ్చిన నేలలో ఉంది. పిడుదులు దాగేంత నీడా చెమ్మా అక్కడ లేవు. అదేమీ చేయలేదు. మొహం ఎర్రబడి, కత్తెర కింద పెట్టేసింది.

"ఆకులు ఊడుద్దాం పట్టు" అంది వైశాలి, చీపురు అందిస్తూ.

నెల తిరిగేసరికి ఆ పెరడు ఇంకా అందంగా తయారైంది. కంచె వెంట కంకర పరిచి, గోంగూరని కుండీల్లోకి మార్చింది వైశాలి. పిడుదులు రాకుండా ఏం చేయాలో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఫొటోలతో సహా పెట్టింది. మెచ్చుకోళ్ళు వెల్లువెత్తాయి.

"నేర్పింది శ్యామక్క అని నీ పేరు కూడా పెట్టిందోయ్" అన్నాడు రాధాకృష్ణ.

"ఆ, చిట్టచివర్న పెట్టింది" అంది శ్యామసుందరి. కడుపులో ఆ పాత మంట మళ్ళీ రగిలింది. ఈసారి కిటికీ మూయలేదు. కంచె దగ్గరికి వెళ్ళింది.

"వైశాలీ, కుండీల్లో గోంగూర అంత ఏపుగా ఎలా వస్తోంది?"

వైశాలి నడుం మీద చేయి వేసుకుని చూసింది. "ఇప్పుడే చెప్పాల్నా, నీ లెక్క ఆగి చెప్పాల్నా?"

శ్యామసుందరి తల దించుకుంది. "ఇప్పుడే చెప్పవే" అంది.

వైశాలి నవ్వలేదు గానీ, ఒక కుండీ ఎత్తి కంచె మీంచి అందించింది.