రాజేశ్వరి చేతి కాగితం

రాజేశ్వరి కొత్త కాగితాల కట్టను కవర్‌లోంచి తీసి, రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ వంచుతుంది. కాగితానికీ కాగితానికీ మధ్య గాలి చొరబడేలా అంచులు విప్పుతుంది. బల్ల మీద నాలుగు వైపులా తట్టి సరిచేసి, మిషన్ ట్రేలో పెట్టి లోపలికి తోస్తుంది. లోపల రబ్బరు రోలర్ తిరుగుతుంది, పైకాగితం ఒక్కటే కదిలి లోపలికి పోతుంది, అవతలి పక్క వేడివేడిగా వచ్చి పడుతుంది. మట్టెవాడలో మల్లికార్జున్ జిరాక్స్ దుకాణంలో ప్రతి పొద్దూ ఇలాగే మొదలవుతుంది.

ట్రే తోసేది రాజేశ్వరే. ఇంకెవరు తోసినా మిషన్ కాగితం తీసుకోదు.

ఆ సంగతి మొదటిరోజే తేలింది. హైదరాబాదు నుంచి సెకండ్‌హ్యాండ్ మిషన్ దిగింది. కొబ్బరికాయ కొట్టి, ఆమె భర్త మల్లికార్జున్ ట్రే నింపి బటన్ నొక్కాడు. రోలర్ గిరగిరా తిరిగింది గాని, నాచు పట్టిన రాయి మీద కాలు జారినట్టు కాగితం మీద జారింది. హన్మకొండ నుంచి మెకానిక్ మహిపాల్ వచ్చాడు. రోలర్ తుడిచాడు, కొత్తది వేశాడు. రెండు కాగితాలు కలిసి పోకుండా ఆపే రబ్బరు ముక్క మార్చాడు, కాగితాలను పైకెత్తే స్ప్రింగ్ మార్చాడు. అయినా జారుడే. ఇంట్లోంచి చాయ్ తెచ్చిన రాజేశ్వరిని చూసి, తన చేతిలో టార్చి ఉండటంతో, "వదినా, జర ఆ ట్రే లోపటికి తొయ్యున్రి" అన్నాడు. ఆమె తోసింది. కాగితం పోయింది, వచ్చింది. బాగైందని అందరూ సంబరపడ్డారు. ఆమె ఇంట్లోకి పోయి అన్నం వార్చుకుంటుంటే మళ్ళీ ఆగింది. పిలిచారు. వచ్చి తోసింది. పోయింది.

సాయంత్రానికి మహిపాల్ సామాను సర్దుకున్నాడు. "మిషన్‌ల ఏం ఖరాబ్ లేదన్నా. వదినె చెయ్యి కావాలంటాంది, గంతే" అన్నాడు.

దానికెవరూ ఆశ్చర్యపోలేదు. పక్క గాజుల దుకాణం ఆయన మాత్రం, కలర్ మిషన్ తెస్తే అది కూడా ఇట్లనే చేస్తదా అని అడిగాడు. తర్వాత కలర్ మిషన్ తెచ్చారు. ఆ గదిలోకి వచ్చాక అదీ అట్లనే చేసింది.

ఆమె పెట్టిన కాగితం ఎన్నడూ లోపల ఇరుక్కునేది కాదు. రెండేసి కలిసి పోయేవి కావు. బయటికి వచ్చినవి కత్తితో కోసినట్టు అంచుకు అంచు కలిసి పేర్చుకునేవి. వకీళ్ళు లావు లావు కట్టలు పట్టుకుని వచ్చేవాళ్ళు. కాలేజీ పిల్లలు హన్మకొండలో అన్ని దుకాణాలు దాటుకుని ఇక్కడికే వచ్చేవాళ్ళు. ఆమె తింటున్నదని చెప్తే గడప ముందు నిలబడి ఎదురుచూసేవాళ్ళు. అందుకని రాజేశ్వరి గబగబా నాలుగు ముద్దలు మింగి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చేది.

మొదట్లో ఆమెకు అది బాగానే ఉండేది. కాశిబుగ్గలో మగ్గాల ఇంట్లో పుట్టి, అత్తగారింటి వంటగదిలోకి వచ్చిన మనిషి. తన చెయ్యి కోసం బజారంతా నిలబడటం గొప్పగా అనిపించింది. రానురాను గది చిన్నదైంది. చెల్లె అరుణ సీమంతానికి పోదామని చీర కట్టుకుని గడప దాటబోతే, ఎవరో కేసు కాగితాలు పట్టుకొచ్చారు. అవి అయ్యేసరికి అక్కడ విస్తళ్ళు ఎత్తేశారు. భద్రకాళి గుడి ఆటోలో పావుగంట దూరం, పోయి ఏండ్లు గడిచాయి. తండ్రి పోయిననాడు కాశిబుగ్గ పోయింది. దహనం కాగానే మల్లికార్జున్ బండి తెచ్చి బయట నిలబెట్టాడు. ఇంటర్ హాల్‌టికెట్లు వచ్చిన వారం అది. తల మీది నీళ్ళు ఆరకముందే ఆమె ట్రే ముందు నిలబడి ఉంది. కళ్ళలోంచి కారే నీళ్ళు కాగితాల మీద పడకుండా తల పక్కకు తిప్పుకుని పని చేసింది.

మల్లికార్జున్ చెడ్డవాడు కాదు. ఆమె కూర్చునే స్టూలు మీదికి మెత్త కొన్నాడు. ఫ్యాన్ ఆమె వైపు తిప్పాడు. మిర్చి బజ్జీలు పొట్లం కట్టించుకొచ్చి చేతిలో పెట్టేవాడు. "మా ఆమెను రాణి లెక్క కూసోవెట్టిన" అని చాయ్ హోటల్ దగ్గర దోస్తులతో చెప్పేవాడు. అతను రోజులో సగం ఆ హోటల్ దగ్గరే ఉండేవాడు. మిషన్‌కు అతనితో పని లేదు కదా.

పోయిన ఏడాది నుంచి రాజేశ్వరికి కడుపులో నొప్పి మొదలైంది. నెలసరి వస్తే ఆగేది కాదు. నిలబడితే కళ్ళు తిరిగేవి, స్టూలు మీద కూర్చుంటే నడుము తెగిపోయేది. ఎవరికీ చెప్పలేదు. దొడ్లో ఆరేసిన బట్టలు చూసి అత్త చిలుకమ్మ కనిపెట్టింది. పొద్దున్నే, దుకాణం తెరిచే లోపల, కోడలిని దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ స్కానింగ్ చూసి, గర్భసంచిలో గడ్డలున్నాయంది, ఒంట్లో రక్తం లేదంది. ఆపరేషన్ చేసి తీసెయ్యాలి, తర్వాత బాగా విశ్రాంతి తీసుకోవాలి, నిలబడే పని చెయ్యొద్దు అని గట్టిగా చెప్పింది.

ఆ మాట మల్లికార్జున్‌తో చెప్పింది చిలుకమ్మే.

"చేపిద్దామమ్మా. నేను వద్దంటున్ననా?" అన్నాడు. "పరీక్షలు అయిపోనీ. అయిపోంగనే పోదాం."

పరీక్షలు అయిపోయాయి. అడ్మిషన్లు వచ్చాయి. అడ్మిషన్లు అయ్యేసరికి ఏదో ఉద్యోగాల నోటిఫికేషన్ పడింది. ఆ తర్వాత రేషన్‌కార్డులన్నారు. వరంగల్‌లో కాగితం అక్కర లేని నెలంటూ లేదు. రాజేశ్వరి మందుబిళ్ళలు మింగుతూ నిలబడింది. ఒకనాడు భర్తనే అడిగింది.

"నాకేమన్న అయితే ఏం చేస్తవ్?"

"గట్లాంటి మాటలు మాట్లాడకు. ఏం కాదు. ఈ ఒక్క సీజన్."

"వారం రోజులు బంద్ పెడ్తే ఏమైతది?"

"బంద్ పెడ్తే గిరాకీ పక్కకు పోతది. పోయినోళ్ళు మళ్ళ వస్తరా?" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు, నిజంగా భయమే ఉంది. ఆమె బిళ్ళ మింగి మళ్ళీ ట్రే దగ్గరికి పోయింది.

మళ్ళీ హాల్‌టికెట్ల రోజులు వచ్చాయి. ఆ పొద్దున గడప ముందు పిల్లలు గుంపుగా ఉన్నారు. రాజేశ్వరి మొహం సున్నం వేసిన గోడలా ఉంది. కట్ట విప్పి, వంచి, తట్టి, ట్రే తోసింది. రోలర్ తిరిగింది. కాగితం కదల్లేదు. ట్రే బయటికి లాగి మళ్ళీ తోసింది. రోలర్ జారింది. ఇంకో కట్ట విప్పి పెట్టింది. అదీ అంతే.

మల్లికార్జున్ హోటల్ దగ్గర నుంచి వచ్చాడు. "ఏమైందే?"

"తీసుకుంటలేదు."

"నీ చేతిది కూడనా?"

ఆమె తల ఊపింది. అతను మహిపాల్‌కు ఫోన్ చేశాడు. మహిపాల్ బండి మీద వచ్చి, మూత తెరిచి టార్చి వేసి చూశాడు. రోలర్‌ను తడిగుడ్డతో తుడిచాడు. రాజేశ్వరిని మళ్ళీ తొయ్యమన్నాడు. ఆమె తోసింది. కాగితం పోలేదు.

మహిపాల్ టార్చి ఆర్పాడు. "మిషన్ మంచిగనే ఉన్నదన్నా. వదినె మొఖం సూడు జర" అన్నాడు.

మల్లికార్జున్ చూడలేదు. గడప ముందు గుంపు పెరుగుతోంది, ఎవరో తొందరగా కానియ్యమని అరిచారు. అతనికి ఒళ్ళు మండింది. ట్రే బర్రున లాగి, పిడికిలితో కాగితాలను ఒక్కటి గుద్ది, ధడేల్‌మని లోపలికి తోశాడు.

పైకాగితం లేచి లోపలికి పోయింది. అవతలి పక్క వచ్చి పడింది. దాని మీద ఇంకోటి, అంచుకు అంచు కలిపి.

అతను తన చెయ్యి వైపు చూసుకున్నాడు. మహిపాల్‌ను తోసి చూడమన్నాడు. పోలేదు. రాజేశ్వరిని తొయ్యమన్నాడు. పోలేదు. తను తోశాడు, పోయింది. అంతలో పిల్లలు చేతులు చాపుతూ "అన్నా నాది, అన్నా నాది" అని మీద పడ్డారు. అతను పనిలో పడిపోయాడు.

రాజేశ్వరి గోడకు ఆనుకుని నిలబడింది. సంతోషమేమీ కలగలేదు. ఇన్నేండ్లు తననే పేరు పెట్టి పిలిచినవాళ్ళు ఇవాళ మొహం తిప్పుకుని ఇంకొకరిని పిలిచినట్టుంది. లోపలి గది నుంచి చిలుకమ్మ వచ్చింది, చంకలో బట్టల సంచి ఉంది.

"నడువ్ బిడ్డా" అంది.

"అత్తమ్మా, ఇంత మంది ఉంటే..."

"ఆ మిషనే నిన్ను వద్దంటాంది. ఇంకెవలు చెప్పాలె నీకు?"

ఆటో కాశిబుగ్గ మీదుగా పోయింది. మార్కెట్‌కు పోయే మిర్చి బస్తాల లారీలు రోడ్డుకు అడ్డంగా ఉన్నాయి, ఘాటుకు ఆమెకు తుమ్ములు వచ్చాయి. ఒకటి, ఇంకొకటి. ఆటో అతనూ తుమ్మాడు, చిలుకమ్మా తుమ్మింది. రాజేశ్వరికి నవ్వొచ్చింది. పొద్దున పదకొండింటికి ఎండ ఇంత తెల్లగా ఉంటుందని ఆమె మర్చిపోయింది.

దవాఖానలో చేర్చుకున్నారు. ముందు రక్తం ఎక్కించి, ఆ తర్వాతే ఆపరేషన్ అన్నారు. అరుణ అన్నం క్యారియర్ పట్టుకుని వచ్చింది, మంచం మీద అక్క పక్కన కూర్చుని చాలాసేపు చెయ్యి వదల్లేదు.

మల్లికార్జున్ సాయంత్రం ఫోన్ చేశాడు. గొంతు హుషారుగా ఉంది. "నా చేతిదే తీసుకుంటాందే! ఒక్క కాగితం కూడ జామ్ కాలే" అన్నాడు.

"మంచిది" అంది రాజేశ్వరి.

మర్నాడు గొంతు తగ్గింది. "చాయ్ తాగనీకి పోయిన, ఆగిపోయింది. హోటల్ కాడికొచ్చి నన్ను పట్టుకపోయిండ్రు. గ్లాసు అక్కడనే పెట్టి వచ్చిన."

ఆ తర్వాతి ఫోన్‌లో గొంతు ఇంకా నీరసంగా ఉంది. "నడుము గుంజుతాంది. మూత్రానికి పోదామంటే కూడ నిలవడ్డోళ్ళు ఊకుంటలేరు. సిమెంటు నేల మీద కాళ్ళు ఒక్కటే తిమ్మిర్లు" అన్నాడు. "నువ్వు ఇన్నేండ్లు ఎట్ల నిలవడ్డవే?"

పక్కనే చెవి పెట్టి వింటున్న చిలుకమ్మ ఫోన్ అందుకుంది. "నిలవెట్టినోణ్ణి అడుగు" అని పెట్టేసింది.

ఆపరేషన్ ముందురోజు రాజేశ్వరే ఫోన్ చేసింది. "రేపు పొద్దున అంటాండ్రు. నువ్వు వస్తవా?"

వెనక జనం గోల వినిపిస్తోంది. "చూస్త" అన్నాడు. ఆ మాట ఆమెకు తెలుసు. సీమంతానికీ ఆ మాటే అన్నాడు, గుడికీ ఆ మాటే. ఫోన్ పక్కన పెట్టి అటు తిరిగి పడుకుంది.

పొద్దున ఆకుపచ్చ గౌను తొడిగారు. గాజులు తీసి చిలుకమ్మ కొంగున కట్టుకుంది. నర్సు వచ్చి, ఇంకాసేపట్లో తీసుకుపోతామని చెప్పింది. రాజేశ్వరి కళ్ళు మూసుకుని ఉంది. చెప్పుల చప్పుడు మంచం దగ్గర ఆగింది.

మల్లికార్జున్. అంగీ మీద మిషన్‌లో పోసే నల్లపొడి మరకలు అట్లనే ఉన్నాయి. గడ్డం పెరిగింది. నిలబడి నిలబడి పాదాలు ఉబ్బి, చెప్పుల పట్టీలు విప్పుకున్నాడు.

ఆమె నోట్లోంచి మొదట వచ్చిన మాట ఒక్కటే. "దుకాణం?"

"మూసిన."

"జనం?"

"తిట్టుకుంట పోయిండ్రు. చౌరస్తా కాడ ఇంకో దుకాణం ఉన్నది గద."

రాజేశ్వరి అతని మొహంలోకి చూసింది. ఇంకో దుకాణం ఉన్నమాట నిజమే. అది ఎప్పటి నుంచో ఉంది.

"అంత అల్కగ మూతపడ్తదా?" అని అడిగింది.

అతను తల దించుకున్నాడు. "పడ్డది" అన్నాడు. "షట్టర్ గుంజిన, కిందికి వచ్చింది. తాళం ఏసిన. ఏం కాలే."

ఆమెకు వచ్చింది ఏడుపో కోపమో తెలియలేదు. తండ్రి పోయిననాడు తనను తీసుకొచ్చిన బండి చప్పుడు చెవుల్లో మోగింది. మొహం గోడ వైపు తిప్పుకుంది.

"నన్ను తిట్టు" అన్నాడు మల్లికార్జున్.

"తిడ్త. ఇప్పుడు కాదు. ఇప్పుడు తిట్టే సత్తువ లేదు నాకు. ఒళ్ళు బాగైనంక కూసోవెట్టి తిడ్త."

చిలుకమ్మ అవునన్నట్టు తల ఊపింది. స్ట్రెచర్ వచ్చింది. ఆపరేషన్ గది తలుపు దాకా అతను ఇనుప కడ్డీ పట్టుకుని పక్కనే నడిచాడు. తలుపు మూశాక కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు.

ఆపరేషన్ బాగైంది. విశ్రాంతికి రాజేశ్వరి కాశిబుగ్గలో అరుణ ఇంటికి పోయింది. ఆ తర్వాత ఎన్నడూ ఆ మిషన్ గదిలో నిలబడలేదు. కుట్లు మానాక ఒక మధ్యాహ్నం మల్లికార్జున్‌కు కబురు పెట్టింది. అతను వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆమె ఎదురుగా పీట వేసుకుని, చెప్పినట్టే మొదలుపెట్టింది. సీమంతం నుంచి, గుడి నుంచి, తండ్రి పోయిననాటి తడి జుట్టు నుంచి, ఒక్కటీ వదలకుండా తిట్టింది. లోపల మగ్గం చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది. ఎండ అరుగు దాటి అతని మోకాళ్ళ మీదికి వచ్చింది. జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. అతను దాన్ని తీయలేదు, అక్కడి నుంచి లేవలేదు. పొద్దు గూకే దాకా వింటూ కూర్చున్నాడు.