నవ్వు డ్యూటీ

మా వాళ్ళంతా హోసూరులో అంగళ్ళు పెట్టుకున్న మనుషులు. గిట్టనివాడికి కూడా పళ్ళికిలించి సరుకు అమ్మేవాళ్ళ మధ్య పెరిగాను. దొంగనవ్వు ఎలా ఉంటుందో నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అందుకే మా ఫ్యాక్టరీలో నవ్వుల క్లాసు మొదలుపెట్టిన రోజే నాకు ఒళ్ళు మండింది.

పెట్టినవాడు మా హెచ్చార్ గిరీష్. పొద్దున షిఫ్టుకు ముందు అందరినీ మేము దిగే కంపెనీ బస్సుల పక్కన నిలబెట్టి, చేతులెత్తించి, హహ్హహ్హా అనిపిస్తాడు. పైగా ఒక రూలు.

"ఇకమీద ఎవరికి టెన్షన్ వచ్చినా, చేస్తా ఉండే పని ఆపేసి గట్టిగా నవ్వాల. మనసు తేలికైపోతాది," అన్నాడు. ఏదో ట్రైనింగులో విని వచ్చినట్టున్నాడు, పాపం.

బండ్లకు వైర్లు తయారుచేసే లైనుకు నేను లీడర్ని. నా లైనులో చైత్ర అని అంచెట్టి పక్క పల్లె నుంచి వచ్చిన పిల్ల, మత్తిగిరిలో రూము తీసుకుని ఉంటుంది. వారం వారం షిఫ్టు మారి మారి ఆ పిల్లకు నిద్ర పూర్తిగా పోయింది. ఒకరోజు వైరుకు పిన్ను బిగించే మిషన్ ముందు కూర్చునే తూలింది. నేను చెయ్యి పట్టి లాగకపోతే వేలు పోయేది. ఇంకోసారి లాగడానికి నేను పక్కన ఉంటానో లేదో అని భయం పట్టుకుంది.

ఇద్దరం గిరీష్ దగ్గరికి వెళ్ళాం.

"సార్, కొన్నాళ్ళు ఈ పిల్లను పగటి షిఫ్టులోనే పెట్టండి," అన్నాను.

"ఒకరికి చేస్తే అందరూ అడుగుతారు రాజలక్ష్మమ్మా. క్లాసులో మనసారా నవ్వమనండి, సరిపోతాది."

బయటికి రాగానే చైత్ర, "నేను ఊరికి పోతానక్కా. ఆవుల్ని మేపుకుంటాను. వేళ్ళయినా మిగుల్తాయి," అంది.

 నవ్వమన్నాడు కదా, నవ్వి చూపిద్దాం అనుకున్నాను. భోజనాల దగ్గర లైను మొత్తానికీ సంగతి చెప్పాను. ఒక్కరు కూడా వద్దనలేదు.

మర్నాడు ప్లాంట్ హెడ్ వాసుదేవ గారు, మా సరుకు కొనే కంపెనీవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చారు. వెనకాలే గిరీష్. వాళ్ళు మా దగ్గరికి వచ్చేసరికి, పని వెనకబడిందని టార్గెట్ బోర్డు ఎర్రగా వెలిగింది. నేను లేచి చేతులెత్తాను. లైనంతా లేచింది. మిషన్లు ఆగిపోయాయి. హహ్హహ్హా!

"ఏమమ్మా ఇది?" అన్నారు వాసుదేవ గారు.

"టెన్షన్ వచ్చింది సార్. రూలు ప్రకారం నవ్వతా ఉండాము."

ఆయన గిరీష్ వైపు తిరిగారు. గిరీష్‌కు ముచ్చెమటలు పోశాయి.

"మీకూ టెన్షన్ వచ్చినట్టుంది సార్, నవ్వేయండి," అన్నాను గిరీష్‌తో. వచ్చినవాళ్ళలో ఒకాయన నిజంగానే నవ్వేశాడు.

నాకు భలే సరదాగా ఉంది, చైత్రను చూసేదాకా. మేమంతా ఆపినా ఆ పిల్ల ఆపలేకపోయింది. నవ్వుతూ నవ్వుతూ ఏడుపులోకి దిగిపోయింది. నేను ఇంత అనుకోలేదు. పరుగెత్తి పట్టుకున్నాను.

"నవ్వమంటే నవ్వినాను సార్," అంది వెక్కుతూ. "నిద్ర యాడ నుంచి తెచ్చుకునేది? మిషన్లో వేలు పెట్టేస్తానేమోనని భయంగా ఉండాది."

వాసుదేవ గారు మిషన్ వైపు, ఆమె వేళ్ళ వైపు చూశారు.

"ఈ సంగతి నీకు చెప్పినారా?" అని గిరీష్‌ను అడిగారు.

"చెప్పినారు సార్. నేనే వినలేదు," అన్నాడు గిరీష్. అబద్ధమాడనందుకు ఆ క్షణం అతనంటే నాకు కోపం సగం తగ్గింది.

సాయంత్రానికల్లా చైత్రకు పగటి షిఫ్టు ఇచ్చారు. డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి జీతం కోయని సెలవు కూడా ఇచ్చారు. నిద్ర పట్టనివాళ్ళు ఎవరైనా వచ్చి అడగొచ్చని గిరీష్ తనే లైనులన్నీ తిరిగి చెప్పాడు. నవ్వుల క్లాసు మాత్రం మానలేదు, మహానుభావుడు.

ఆ తర్వాతి వారం ఒక పొద్దున అందరం వరసలో నిలబడ్డాం.

"చైత్ర యాడ?" అన్నాడు గిరీష్.

"బస్సులోనే నిద్రపోతా ఉండాది సార్. లేపేదా?" అన్నాను.

అతను బస్సు దగ్గరికి వెళ్ళి తొంగిచూశాడు. చైత్ర కిటికీకి తల ఆనించి, నోరు తెరుచుకుని, సన్నగా గురక పెడుతోంది. గిరీష్ అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి వచ్చాడు.

"ఈ దినం ఎవరూ నవ్వొద్దండి," అన్నాడు గుసగుసగా. "ఆ పిల్ల లేస్తాది."