బతుకమ్మ మెడ

ఎల్లమ్మకు అల్లిక సూదులు పట్టడం నేర్పింది పక్కింటి రాజరాజేశ్వరి. కాకినాడ నుంచి లింగంపల్లి కాలనీకి వచ్చి పదిహేనేళ్లయినా "అండి" వదలని మనిషి. నేర్పిన గురువును ఆర్నెల్లలోనే మించిపోయింది ఎల్లమ్మ. నూలు దారంతో ఆమె అల్లే టాప్‌లు ఎండలో గాలాడతాయి, ఆఫీసు ఏసీలో వణుకు పుట్టనివ్వవు. హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసే అమ్మాయిలకు ఇంకేం కావాలి!

ఆ ఏడు తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె. బస్సులు డిపో దాటలేదు. ఎల్లమ్మ పెనిమిటి సాయిలు ఆర్టీసీ కండక్టరు. అతని జీతం ఆగిపోయి, ఇల్లు ఎల్లమ్మ చేతి మీదే నడుస్తోంది. సరిగ్గా అప్పుడే ఆమె బుర్రలో ఆ మెడ అల్లిక పుట్టింది. బతుకమ్మను పేర్చినట్టు వరుస మీద వరుస, తంగేడు పసుపు, గునుగు తెలుపు, బంతి నారింజ. బతుకమ్మను పళ్లెంలో కింద వెడల్పుగా మొదలుపెట్టి పైకి సన్నగా పేరుస్తారు. ఎల్లమ్మ దాన్ని కొస నుంచి అందుకుంది. ముందు తల దూరేంత మెడ, అక్కడి నుంచి వరుస వరుసకూ కుట్లు పెంచుకుంటూ భుజాల మీదికి దిగడం. మూడుసార్లు అల్లింది, మూడుసార్లు విప్పింది. నాలుగోసారి తొడుక్కుని నిలబడితే రాజరాజేశ్వరి బుగ్గలు నొక్కుకుంది.

"అమ్మ దొంగా! ఇన్నాళ్లూ ఎక్కడ దాచావే ఈ విద్య?"

ఇద్దరూ మాదాపూర్‌లో నీహారిక షాపుకు వెళ్లారు. నీహారికది భీమవరం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఆడవాళ్ల బట్టల షాపు పెట్టింది. దసరా ముందు ఒక కంపెనీ ఆవరణలో అమ్మకం ఉందట, ఇలాంటివి ముప్పై కావాలంది.

"టాప్‌కు కట్టే చీటి మీద 'బతుకమ్మ మెడ' అని రాయాలె మేడమ్. కింద నా పేరు," అంది ఎల్లమ్మ.

నీహారిక నవ్వేసింది. "బాగుంది! ఊళ్లో ఈ గొడవలేంటి, నువ్వడిగే పేరేంటి? కొనేవాళ్లలో సగం మంది మా వైపు వాళ్లే. 'ఫ్లవర్ రింగ్, డిజైన్ నీహారిక' అని వేస్తాను. నీ కూలి నీకొస్తుంది కదా ఎల్లమ్మా."

కూలి! ఆ మాటకు ఎల్లమ్మ ఒళ్లు మండిపోయింది. రాత్రీ పగలూ బుర్ర బద్దలు కొట్టుకుని పుట్టించింది తను, పేరు ఇంకొకరిదా?

"నా పేరు రాకుంటే నా చెయ్యి గూడ రాదు," అని విసురుగా లేచి వచ్చేసింది. ఆ విసురులో నమూనా టాప్ బల్ల మీదే వదిలేసింది.

సంగతి విని సాయిలు తల గోక్కున్నాడు. "పేరుల ఏమున్నదే? ఇంట్ల బియ్యం డబ్బ చూసినవా? జర ఆలోచించు."

"నువ్వు జీతం ఇడిసిపెట్టి డిపో ముందట ఎందుకు కూసున్నవ్? రాష్ట్రానికైతే పేరు కావాలె, నా పనికొద్దా?"

సాయిలు తువ్వాలు భుజాన వేసుకుని డిపోకు నడిచాడు. అయినా ఎల్లమ్మ గుండె మాత్రం రాయి కాదు కదా. మొండికిపోయి పిల్లల కడుపు కొట్టానేమోనని రాజరాజేశ్వరి దగ్గర ఏడ్చింది కూడా.

వారం తిరగకుండానే నీహారిక కారు వాళ్ల గుమ్మం ముందు ఆగింది. రెండు పెద్ద సంచులు, ముఖాన నెత్తురు చుక్క లేదు.

"ఎల్లమ్మ గారూ, ఉన్నారాండి?"

ఔరా! వారంలో ఎల్లమ్మ "గారు" అయిపోయింది.

జరిగిందేమిటంటే, నమూనాను జీడిమెట్లలో అల్లికలు తెలిసిన ఆడవాళ్లకిచ్చి నీహారిక ముప్పై టాప్‌లు అల్లించింది. చూడ్డానికి లక్షణంగా ఉన్నాయి. తొడుక్కోబోతే ఒక్కదానిలోనూ తల దూరదు. ఉన్ని అయితే కాస్త సాగేది. ఇది నూలు, బిగిస్తే బిగుసుకుంది.

ఎల్లమ్మ ఒకదాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "కింది నుంచి అల్లిండ్రు. గిట్ల అల్లుమని ఎవలు చెప్పిండ్రు?"

నీహారిక నసిగింది. "రంగుల వరుసలు వాళ్లకు అర్థం కాలేదండి. బతుకమ్మను పేర్చినట్టు అల్లండి అన్నాను."

రాజరాజేశ్వరి కొంగు అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. పాపం, ఆ ఆడవాళ్ల తప్పేముంది? ఏటా పేర్చే చేతులాయె, కింద వెడల్పుగా మొదలుపెట్టి కొసన బిగించేశాయి. బతుకమ్మ కొసన గౌరమ్మను పెడతారు గానీ ఎవరైనా తల దూరుస్తారా!

ఎల్లమ్మ నవ్వలేదు. "పని చెప్పనీకి బతుకమ్మ పేరు కావాలె. చీటి మీద రాయనీకి మాత్రం వద్దా?"

నీహారిక సంచులు ముందుకు జరిపింది. "ఎల్లుండే అమ్మకం. రెట్టింపు ఇస్తానండి," అంది. ఎల్లమ్మ తల అడ్డంగా ఊపేసరికి రాజరాజేశ్వరి వైపు తిరిగింది. "మీరైనా చెప్పండి ఆంటీ. మనం మనం ఒకటి కదా."

"ఏం ఒకటండి? ఇది దాని బుర్రలో పుట్టింది. దాని పేరు వెయ్యకుండా నేనూ సూది ముట్టుకోను," అంది రాజరాజేశ్వరి.

"సరే, వేయిస్తాను. ఇప్పుడు అచ్చు వేయించే టైం లేదు, ఈసారికి..."

"చీటి ఎనక తెల్లగనే ఉన్నది గదా," అంటూ ఎల్లమ్మ నీహారిక తెచ్చిన సంచిలోంచి అచ్చయిన చీటీల కట్ట తీసి, పెన్ను ఆమె చేతికిచ్చింది. "బతుకమ్మ మెడ, అల్లిక ఎల్లమ్మ, లింగంపల్లి. ముందట మీ పేరున్నది సూడు, అది కొట్టేయుండ్రి."

నీహారిక పెదవి కొరుక్కుని ఒక చీటీ రాసింది. "ఇక మొదలుపెట్టండి."

"ముప్పై రాయుండ్రి. మెడకాడి రెండు వరుసలు ఇప్పి, లావు సూదితోని వదులుగ అల్లితే అయిపాయె. రేపటికల్ల ఇద్దరం చేసిస్తం. కానీ ముప్పయ్యోది రాసినంకనే సూది పట్టుత."

ఎల్లమ్మ చాప పరిచింది. నీహారిక కూర్చుని, అచ్చులో ఉన్న తన పేరును ఒక్కొక్కటే కొట్టేస్తూ రాయసాగింది. ఎల్లమ్మ పక్కనే నిలబడి ప్రతి చీటీ చదివి చూసుకుంది. పన్నెండో చీటీకి నీహారిక చెయ్యి నొప్పి పుట్టి చివరి మాట వదిలేసింది.

ఎల్లమ్మ దాన్ని వెనక్కిచ్చింది. "ఊరేది మేడమ్? రాయుండ్రి."